ఎంత ఆపగలవో అంతే ఎక్కించు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఎర్రగుంట్ల దగ్గర మీ ఊరు. ఇంట్లో 45 హార్స్‌పవర్ ట్రాక్టరు ఉంది. ఈ మధ్యే దానికి రెండు చక్రాల జాకీ ట్రాలీ, అంటే డబ్బాను జాకీతో పైకి లేపి సరుకు దించేది, ఒకటి పాతది కొన్నావు, దానికి బ్రేకులు లేవు. సేద్యం పని లేని రోజుల్లో పాలిష్ యూనిట్ల నుంచి నాపరాయి బండలు తోలాలని ఆలోచన. వేగం ముప్పై దాటితే ట్రాలీ అటూ ఇటూ ఊగుతోంది. ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే పిన్ను పోతే దాని చోట ఇనుప చువ్వ పెట్టుకున్నావు. ఈలోగా రాయచోటి వైపు ఇల్లు కట్టుకుంటున్న ఆసామి ఎవరో వచ్చి, గువ్వలచెరువు ఘాటు రోడ్డు ఎక్కించి బండలు చేర్చి, తిరుగు దారిలో మామిడికాయల లోడు వేసుకొస్తే మంచి కిరాయి ఇస్తానన్నాడు. "ఈ బండి ఎన్ని టన్నులు లాగుతుందన్నా?" అని అడిగావు.

ఆ ఘాటు కిరాయి ఒప్పుకోవద్దు. ఈ ఒక్క మాట విని మిగతాది చదవకపోయినా నాకు సంతోషమే. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మాత్రం ఓపిగ్గా చదువు. ముప్పై ఏళ్ళు ట్రాక్టరు తోలాను, అందులో సగం బండల లోడే. ఇప్పుడు ప్రొద్దుటూరులో ట్రాలీలు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గరకు వచ్చే ప్రతి కుర్రవాడూ మొదట అడిగేది నువ్వు అడిగిందే. ఎన్ని టన్నులు లాగుతుంది? చదును రోడ్డు మీద, మొదటి గేర్లలో, నీ బండి ఎనిమిది టన్నులు కూడా కదిలిస్తుంది. అమ్మినవాడు నీకు అలా చెప్పి ఉంటే అది అబద్ధం కాదు. అయితే లాగడానికి ఇంజను ఉంది, గేరు బాక్సు ఉంది. ఆపడానికి ఉన్నవి ట్రాక్టరు వెనక చక్రాలు రెండే.

ముందు బండల బరువు లెక్క చూద్దాం. మన నాపరాయి నీటి కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న ముక్క ఆరుంబావు కిలోలు తూగుతుంది. రెండడుగుల చదరం బండ పాతిక కిలోలు. అంటే ఎనిమిది వందల చదరపు అడుగులు (మనం ఉత్తి అడుగులు అంటాం) అంగుళం మందంలో ఎక్కిస్తే అయిదు టన్నులు. మన వ్యాపారంలో కిరాయి అడుగుల లెక్కన మాట్లాడుకుంటాం, మోసం అక్కడే ఉంది. పాలిష్ పట్టని గరుకు బండ ఒకటిన్నర అంగుళం ఉంటే అవే ఎనిమిది వందల అడుగులు ఏడున్నర టన్నులు. కిరాయి మారదు, రసీదు మీద అంకె మారదు, నీ వెనక బరువు మాత్రం రెండున్నర టన్నులు పెరిగింది. అందుకే లోడు ఎక్కించే ముందు అడుగులు ఎన్నని అడగడంతో సరిపెట్టకుండా టేపు తీసి మందం కొలిచి చూసుకో.

పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న మామూలు డబ్బాలో వేరుశనగ కాయలు అంచుదాకా పోస్తే ఒక టన్ను చుట్టుపక్కల ఉంటుంది. అదే డబ్బాను బండలతో అంచుదాకా నింపితే తొమ్మిది టన్నులు. డబ్బా నిండిందా లేదా అని కంటితో చూసి బరువు అంచనా వేయడం వేరుశనగ తోలినవాడి అలవాటు. బండల దగ్గర ఆ అలవాటు ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు ఆపే లెక్క. నీ ట్రాక్టరు దాదాపు రెండు టన్నులు, ఖాళీ ట్రాలీ ఒకటిన్నర, బండలు అయిదు అనుకుందాం. మొత్తం ఎనిమిదిన్నర టన్నులను పట్టి ఆపాల్సింది ట్రాక్టరు వెనక టైర్ల పట్టు ఒక్కటే. పొడి తారు రోడ్డు మీద, టైర్లు బాగున్నాయనుకొని, నేను వేసుకున్న మోటు లెక్క ఇది. ఖాళీ ట్రాక్టరు ఒక్కటే ఇరవై కిలోమీటర్ల వేగంలో ఉంటే బ్రేకు పట్టాక నాలుగు మీటర్లలో నిలుస్తుంది. ఈ లోడుతో పది, పదకొండు మీటర్లు పోతుంది. నలభైలో ఉంటే నలభై మీటర్లు దాటుతుంది, ఎందుకంటే వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. ఇది చదును మీద. ఇరవై అడుగులకు ఒక అడుగు దిగే వాలులో అదే నలభై వేగానికి అరవై మీటర్లు పైనే కావాలి. దీనికి ముందు కన్ను చూసి కాలు పెడలు మీదకు వెళ్ళే ఒక సెకను ఉంది. నలభైలో ఆ సెకనులోనే పదకొండు మీటర్లు పోతావు. మలుపు తిరగ్గానే ఎదురుగా గొర్రెల మంద ఉంటే?

ట్రాక్టరు కంపెనీల పుస్తకాల్లో బ్రేకులు లేని ట్రాలీకి ఒక హద్దు రాసి ఉంటుంది: లోడుతో కలిపి దాని బరువు ట్రాక్టరు బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు, వేగం గంటకు 32 కిలోమీటర్లు దాటకూడదు. నీ బండికి ఆ లెక్కన ట్రాలీతో కలిపి మూడు టన్నులు. ట్రాలీయే ఒకటిన్నర తినేసింది కాబట్టి బండలు ఒకటిన్నర టన్ను, అంటే రెండు వందల నలభై అడుగులు. నవ్వుకుంటున్నావని తెలుసు. మన జిల్లాలో దీన్ని పాటించినవాణ్ణి నేను చూడలేదు, నా వయసులో నేనూ పాటించలేదు. కానీ ఆ అంకె ఊరికే పుట్టలేదు. నువ్వు దాన్ని దాటాలనుకుంటే ముందు ట్రాలీకి బ్రేకులు పెట్టించు. వేరే దారి లేదు.

బ్రేకుల్లో రెండు మూడు రకాలు దొరుకుతాయి. ట్రాలీ ముందుకు తోసుకు వచ్చినప్పుడు ఆ తోపుకే నొగ, అంటే ట్రాక్టరుకు తగిలించే ట్రాలీ ముందు కడ్డీ, వెనక్కి నొక్కుకొని బ్రేకు పట్టేది ఒకటి, దాన్ని ఓవర్‌రన్ బ్రేకు అంటారు. ట్రాక్టరు బ్రేకు పెడలుతో కలిపి హైడ్రాలిక్ గొట్టంతో పనిచేసేది ఇంకొకటి. గాలి బ్రేకు మరొకటి. నీ ట్రాక్టరుకు హైడ్రాలిక్ బ్రేకు కలిపే వసతి ఉంటే అదే మంచిది. ట్రాలీ బ్రేకు ట్రాక్టరు బ్రేకు కంటే వెంట్రుకవాసి ముందు పట్టాలి. వెనకబడితే ట్రాలీ వచ్చి ట్రాక్టరు వీపు మీద తోస్తుంది. ఏది పెట్టించినా ట్రాలీ యాక్సిల్ అంత బరువుకు తగినదో కాదో ముందు చూపించుకో. పాత ట్రాలీల్లో చాలావాటికి ఎవరో ఎప్పుడో ఏదో లారీ నుంచి విప్పి తెచ్చి అతికించిన యాక్సిల్ ఉంటుంది.

ట్రాక్టరు బ్రేకు పెడళ్ళ గురించి ఒక మాట. కుడి, ఎడమ వేరువేరుగా ఉంటాయి కదా, దున్నేటప్పుడు చాలు చివర మలుపుకు ఒక్కదాన్నే నొక్కుతాం. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. నాకు పాతికేళ్ళప్పుడు చేను దున్ని, అదే ఊపులో ట్రాలీ తగిలించి రోడ్డెక్కాను. కొక్కెం మరిచాను. ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది, కాలు పెట్టాను, పాదం ఒక్క పెడలు మీదే పడింది. ట్రాక్టరు గిరుక్కున కుడివైపు, సరిగ్గా బస్సు వచ్చే వైపే తిరిగింది. బస్సు డ్రైవరు మట్టి బాటలోకి దించబట్టి ఈ రోజు నీకు రాస్తున్నాను. ఆయన దిగి వచ్చి తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. అప్పటి నుంచి సీటు ఎక్కగానే నా చెయ్యి మొదట వెళ్ళేది ఆ కొక్కెం మీదకే.

నీ చువ్వ సంగతికి వద్దాం. ట్రాలీ పిన్ను అనేది బొటనవేలికంటే లావున్న గట్టి ఉక్కు ముక్క. పైన తల ఉంటుంది, కింద రంధ్రంలో క్లిప్పు పడుతుంది. పైకి లేవకుండా తల ఆపదు, కింద క్లిప్పే ఆపుతుంది. నువ్వు పెట్టుకున్నది ఇంటి శ్లాబుకు వాడే కమ్మీ ముక్క. దానికి క్లిప్పు లేదు, రంధ్రానికి సరిపోదు, గంతు పడినప్పుడల్లా పైకి లేస్తుంది. ముద్దనూరు రోడ్డులో ఒకసారి నేనూ ఇలాగే ఒక్క రోజుకే కదా అని చువ్వతో బయలుదేరాను. ఒక ఊరి ముందు స్పీడు బ్రేకరు ఎక్కి దిగాను. ట్రాక్టరు ఒక్కసారిగా తేలికై ముందుకు దూకింది. తిరిగి చూస్తే ట్రాలీ నొగ తారు రోడ్డును మడక దున్నినట్టు దున్నుకుంటూ పక్కకు తిరిగి, టీ అంగడి బల్లకు మూరెడు దూరంలో ఆగింది. బల్ల మీద కూర్చున్న ముసలాయన గ్లాసు దించలేదు. ఆయనకు ఏం జరిగిందో తెలిసేసరికి మూడు నాలుగు బండలు జారి పగిలిపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు, నా అదృష్టం.

ఆ రోజు గొలుసులు ఉండి ఉంటే నొగ రోడ్డుకు తగిలేది కాదు. నొగ కింద రెండు గొలుసులు కత్తెర గుర్తులాగా ఒకదాన్నొకటి దాటేలా ట్రాక్టరుకు తగిలించాలి. పిన్ను ఊడితే నొగ ఆ గొలుసుల ఒడిలో పడుతుంది. మలుపులో బిగుసుకోకుండా కాస్త వదులు ఉండాలి, నేలకు రాసుకునేంత వదులు ఉండకూడదు. పశువుల గొలుసు చాలదు. లోడు ట్రాలీ బరువును ఆపగల గొలుసు కావాలి. పిన్ను దూరే రంధ్రాలు కూడా చూడు. గుండ్రంగా ఉండాల్సినవి అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే వెల్డింగు పూతలతో నెట్టుకు రావద్దు, ఆ ముక్క మార్పించు. గేరు మార్చినప్పుడల్లా వెనక 'టక్కు' మని చప్పుడు వినిపిస్తోందంటే ఆ రంధ్రమే పిలుస్తోందని అర్థం.

ట్రాలీని తగిలించాల్సింది ట్రాక్టరు వెనక కింద ఉండే లాగుడు కడ్డీకి, అంటే డ్రాబారుకు, లేదా కంపెనీ వాళ్ళు అందుకని ఇచ్చిన హుక్కుకు. నాగలిని పైనుంచి పట్టే మూడో లింకు తగిలించే చోటుకో, వెనక యాక్సిల్ గొట్టానికి గొలుసు చుట్టో లాగవద్దు. లాగే చోటు ఎత్తుకు పోయిన కొద్దీ ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేస్తాయి. వంకలో ఇసుక ట్రాలీ కూరుకుపోయినప్పుడు మనవాళ్ళు చేసే పని ఇదే. రెండో ట్రాక్టరు తెచ్చి, గొలుసు ఎక్కడ అందితే అక్కడ చుట్టి, క్లచ్చు దబాలున వదులుతారు. వెనక చక్రాలు తిరగలేకపోతే ఇంజను బలమంతా ట్రాక్టరు శరీరాన్నే పైకి తిప్పుతుంది. మొత్తంగా వెనక్కి తిరగబడటానికి ఒకటిన్నర సెకను చాలు. ముందు చక్రాలు లేచాయని తెలుసుకొని క్లచ్చు తొక్కేలోపు సగం పని అయిపోయి ఉంటుంది. నా చేతులతో ఒక్కసారి అలా తిరగబడ్డ ట్రాక్టరును లేపించాను. దాని కింద ఏముందో ఇక్కడ రాయను. కూరుకుపోయిన ట్రాలీని బయటకు తేవాలంటే ముందు లోడు దించు, పార పట్టుకొని చక్రాల ముందు తవ్వు. గంట పోతుంది, పోనీ.

ఇక ఊగడం. దీనికి మీ తాతను అడిగినా జవాబు చెప్పేవాడు. ఎద్దుల బండిలో బరువు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలు నొక్కేస్తుంది. వెనక్కి పడితే నొగ పైకి లేచి, మెడ కింద కట్టు బిగిసి ఎద్దుకు ఊపిరాడదు. అందుకే బండి కట్టేవాడు ఇరుసుకు కొంచెం ముందుకు బరువు సర్దేవాడు. రెండు చక్రాల ట్రాలీ అచ్చంగా ఎద్దుల బండే. లోడు వెనక్కి పడితే నొగ ట్రాక్టరు వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. వెనక చక్రాల పట్టు పోతుంది, ఉన్న కాస్త బ్రేకూ పోతుంది, ట్రాలీ తోక ఊపడం మొదలుపెడుతుంది. మరీ ముందుకు పడితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. లోడు ట్రాలీ మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా నొగ మీద పడాలి. పై హద్దు ఎంతో ట్రాక్టరు పుస్తకంలో హుక్కు బరువు అని ఉంటుంది. ట్రాక్టరు బరువులో కనీసం అయిదో వంతు ముందు చక్రాల మీదే మిగలాలి. మిగలకపోతే ముందు ఇనుప బరువులు వేయించాలి.

దీన్ని కొలవడం కష్టమేమీ కాదు. సిమెంటు ఫ్యాక్టరీల పుణ్యమా అని మీ వైపు కాటాలకు కొదవ లేదు. ముందు ట్రాలీ లేకుండా ట్రాక్టరును తూచు. తర్వాత లోడు ట్రాలీ తగిలించి, ట్రాక్టరు చక్రాలు నాలుగూ కాటా మీద, ట్రాలీ చక్రాలు కాటా బయట ఉండేలా ఆపి తూచు. రెండింటి తేడా నొగ మీద పడుతున్న బరువు. తర్వాత ట్రాక్టరు ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇంకోసారి. ఒక్కసారి చూసుకున్నావంటే బండలు ఏ గుర్తు దాకా పేర్చాలో డబ్బాకు పెయింటుతో గీత గీసుకోవచ్చు. నా ట్రాలీ లోపలి గోడకు ఆ గీత ఇరవై ఏళ్ళు ఉంది.

బండలను పడుకోబెట్టి పేర్చవద్దు, అదురుకు మధ్యలో పగులుతాయి. కింద వరిగడ్డి పరిచి, ముందు గోడకు ఆనించి, కాస్త వాలుగా నిలబెట్టాలి. పెద్దవి ఇరుసుకు దగ్గరగా, ఎడమ కుడి బరువు సమానంగా. చివరి వరుసకు చెక్క దిమ్మ అడ్డం పెట్టి మోకుతో బిగించాలి. పది కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆగి చూస్తే మోకు తప్పకుండా వదులై ఉంటుంది. గడ్డి అణుగుతుంది, బండలు సర్దుకుంటాయి. మళ్ళీ బిగించాలి. చాలామంది చేయని పని ఇదే.

నీ ట్రాలీ ఊగడానికి లోడు ఒక్కటే కారణం కాకపోవచ్చు. జాకీ పెట్టి ఒక్కొక్క చక్రం లేపి, పైనా కిందా పట్టుకొని ఊపి చూడు. గడగడలాడితే బేరింగులు పోయాయి. చక్రం తిప్పితే గరగర మంటే గ్రీజు ఎండింది. రెండు టైర్లలో గాలి సమానంగా ఉందా, ఒకటి కొత్తది, ఒకటి రీట్రెడ్‌ది వేసి ఉందా, కమాను కట్టల్లో పట్టీ ఏదైనా విరిగిందా, యూ బోల్టులు బిగుతుగా ఉన్నాయా, ఇరుసు వంగిందా అన్నీ చూడాలి. ఇవన్నీ సరిచేసినా ముప్పై మీద ఊగితే, పాతికలో పో. నడుస్తుండగా ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కకు. స్టీరింగుతో దాన్ని సరిదిద్దాలని అటూ ఇటూ తిప్పకు, అది నీ కంటే ముందుంటుంది. యాక్సిలరేటరు మెల్లగా తగ్గించి, స్టీరింగు నిటారుగా పట్టుకొని ఉంటే వేగం తగ్గే కొద్దీ దానంతట అదే కుదురుకుంటుంది.

ఇప్పుడు ఘాటు. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కాలి, వచ్చేటప్పుడు దిగాలి. బండల లోడుతో ఎక్కుతావు, మామిడి లోడుతో దిగుతావు. ఎక్కేటప్పుడు భయం ఆగిపోవడం. మలుపులో ముందు లారీ నిలిచిపోతే నువ్వూ ఆగాలి. మళ్ళీ కదలాలంటే క్లచ్చు వదిలే ఆ క్షణంలో ముందు చక్రాలు లేస్తాయి, లేదా వెనక్కి జారతావు. వెనక్కి జారే రెండు చక్రాల ట్రాలీ నీ మాట వినదు, అడ్డంగా మడత పడుతుంది. దిగేటప్పుడు భయం వేరు. ఇరవైకి ఒకటి వాలులో ఆరున్నర టన్నుల ట్రాలీ నిన్ను మూడు వందల పాతిక కిలోల బలంతో తోస్తుంది. అయిదారుగురు గట్టి మనుషులు ట్రాక్టరు వీపుకు భుజం పెట్టి, కొండ కింది దాకా ఆపకుండా తోసినట్టు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి మెత్తబడుతుంది.

ఘాటు సంగతి అలా ఉంచినా, మీ చుట్టుపక్కల వాలులకైనా ఇది గుర్తుంచుకో. ఏ గేరులో ఎక్కగలవో ఆ గేరులోనే దిగాలి, వీలైతే ఇంకా ఒకటి తక్కువలో. ఆ గేరు వాలు మొదలయ్యే ముందే వేయాలి. సగం దిగాక మార్చబోతే, చాలా ట్రాక్టర్ల గేర్లు నడుస్తుండగా తేలిగ్గా పడవు. పాత గేరు ఊడుతుంది, కొత్తది పడదు, మధ్యలో న్యూట్రల్‌లో మిగిలిపోతావు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. మిగిలే డీజిలు ఎంత? ఒక టీ ఖర్చు. దిగేటప్పుడు క్లచ్చు తొక్కడం కూడా న్యూట్రల్‌తో సమానమే. ఇంజను అరుస్తోందని భయపడి క్లచ్చు తొక్కినవాడి చేతిలో అప్పటిదాకా పట్టుకున్న ఏకైక తాడు జారిపోయినట్టే. అరుపు ఎక్కువైతే బ్రేకు ఒకసారి గట్టిగా పట్టి, వేగం తగ్గించి వదలాలి. అంతే తప్ప పెడలు మీద కాలు మోపి ఉంచకూడదు. నిజంగానే చేయి దాటిపోతే లోయ వైపు చూడకు. కొండ వైపు మట్టిగట్టుకు ఒరిపించి ఆపుకో. బండి పోతుంది, నువ్వు మిగులుతావు.

ఎర్రగుంట్ల రోడ్ల మీద సిమెంటు లారీలు, థర్మల్ కేంద్రం బూడిద లారీలు నీ వెనక ఎప్పుడూ ఉంటాయి. వాళ్ళకు నువ్వు చీకట్లో కనిపించాలి. ట్రాలీ వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రేడియం పట్టీలు అంటించు. లైట్ల వైరు తగిలించి, ఎడమ కుడి సిగ్నళ్ళు పడుతున్నాయో లేదో ఎవరినైనా వెనక నిలబెట్టి చూసుకో. బండి చెడితే రోడ్డు దిగి ఆపు. చక్రాల కింద పెట్టిన రాళ్ళను బండి బాగయ్యాక తీసి పక్కన పారెయ్యి. వాటిని రోడ్డు మధ్యలో వదిలి వెళ్ళే పాపిష్టివాళ్ళను నేను క్షమించలేను. చీకట్లో ఆ రాయి మీదకు వచ్చేది మోటారు సైకిల్‌వాడు.

వేసవి దాటాక తొలి వాన పడ్డ రోజు బండి తీయకపోతే మంచిది. చేలల్లోంచి వచ్చిన ట్రాక్టర్లు టైర్లకు అంటిన నల్లరేగడిని రోడ్డు మీద వదులుతాయి. అది తడిస్తే సబ్బు పూసినట్టే. పంట కాలంలో రోడ్డు మీద కల్లాలు చేసి కొర్ర, జొన్న ఆరబోసినప్పుడు కూడా అంతే, గింజల మీద టైరు ఆగదు. రైతును తిట్టకు, ముందే వేగం తగ్గించుకో.

సరుకు దించడానికి జాకీతో డబ్బా లేపేటప్పుడు మూడు చూడు: పైన కరెంటు తీగ, కింద చదును నేల, చుట్టూ పిల్లలు. లేపిన డబ్బా కిందకు దూరి గ్రీజు పెట్టాలంటే అడ్డం దిమ్మ పెట్టకుండా దూరవద్దు. గొట్టం పగిలితే అది నిన్ను అడిగి దిగదు.

కూలీలను, పెళ్ళివాళ్ళను ట్రాలీలో ఎక్కించవద్దు. బండల మీద కూర్చున్న హమాలీలను అయితే అసలే వద్దు. ముందు వరుస జారితే వాళ్ళ కాళ్ళే దిమ్మలవుతాయి. సరుకు ట్రాలీలో ఎక్కిన మనిషికి బీమా రాదని కోర్టుల దాకా వెళ్ళి తెలుసుకున్న కుటుంబాలు ఉన్నాయి. మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకోవడం కూడా మానెయ్యి. కాగితాల విషయానికి వస్తే ట్రాలీకి ట్రాక్టరుతో సంబంధం లేకుండా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, బీమా పత్రంలో దాని నంబరు కూడా ఉండాలి. వ్యవసాయానికని రిజిస్టరు చేయించిన బండితో కిరాయికి బండలు తోలుతూ ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఆ కాగితాన్నే. కిరాయి మొదలుపెట్టే ముందే రవాణా శాఖ ఆఫీసుకు వెళ్ళి, అందుకు తగ్గట్టు మార్పించుకో.

నీ పరిస్థితిలో నేనుంటే ఇలా చేస్తాను. ఈ వారం బండి తీయను. పిన్ను, క్లిప్పు, గొలుసులు, రేడియం పట్టీలు కొంటాను. చక్రాలు విప్పి బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెడతాను. బ్రేకులు పెట్టించేదాకా మీ ఊరి చుట్టూ చదును దారుల్లో, రెండు వందల నలభై అడుగుల లోపు, పాతిక వేగంలో తోలుకుంటాను.  రాయచోటి ఆసామికి ఫోను చేసి, ఘాటు మీదుగా లారీకి మాట్లాడుకోమని చెప్పు. ఎర్రగుంట్లలో బండలు ఎక్కించి ఇచ్చే పని నీకే ఇమ్మని అడుగు, ఎక్కింపు కూలి నీకు మిగులుతుంది. గువ్వలచెరువు పాలకోవా తినాలనిపిస్తే కడపలో బస్సెక్కు.